కళను ప్రజాహితానికి వినియోగించిన మహాకవి గురజాడ అప్పారావు

విశాఖపట్నం జిల్లాలోని సాధారణ బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళ కాలంలో ఆడపిల్ల తండ్రికి డబ్బు చెల్లించి జరిపించిన వివాహాలు 1,034. సగటున ఏడాదికి 344. ఆ పెళ్ళికుమార్తెలలో 99 మందికి అయిదేళ్ళు, 44 మందికి నాలుగేళ్ళు, 36 మందికి మూడేళ్ళు, ఆరుగురికి రెండేళ్ళు, ముగ్గురికి ఒక్క ఏడు. ఏడాది వయసు పసికందులకు పలికిన వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో విజయనగరం సంస్థానాధీశులు ఆనంద గజపతి మహారాజు తయారు చేయించిన జాబితాలోని వివరాలివి.

సంస్థానాల కచేరీలలోనూ, జిల్లా కార్యాలయాలలోనూ ఇటువంటి జాబితాలు ఎన్నో తయారయ్యాయి. వాటిలో అనేకం బీరువాలకే పరిమితమై కాలక్రమంలో మరుగున పడిపోయాయి. ఈ జాబితా మాత్రం నేటికీ తెలుగువారి జ్ఞాపకంలో నిలిచింది. దానికి కారణం సంస్థానంలో పనిచేసిన ఒక ఉద్యోగి ఆ అంకెల వెనుక ఉన్న మనుషులను రంగస్థలం మీదకు తీసుకురావడం. ఆ ఉద్యోగి గురజాడ వేంకట అప్పారావు. ఆ నాటకం కన్యాశుల్కం. వాస్తవ సమాచారాన్ని సేకరించడం, దానిని ప్రజల హృదయాలకు చేరవేయడం అనే రెండు పనులనూ ఒకే చేతితో నిర్వహించిన వ్యక్తిగా ఆయన జీవితం పాత్రికేయులకూ, ప్రభుత్వ అధికారులకూ నేటికీ అధ్యయనం చేయదగినది.

బాల్యం, విద్యాభ్యాసం

గురజాడ అప్పారావు 1862 సెప్టెంబరు 21న నాటి విశాఖపట్నం జిల్లా యలమంచిలి సమీపంలోని రాయవరంలో, మాతామహుల ఇంట జన్మించారు. తల్లి కౌసల్యమ్మ, తండ్రి వేంకట రామదాసు. తండ్రి విజయనగరం సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగాలు నిర్వహించారు. ఆయన ఉద్యోగరీత్యా చీపురుపల్లిలో ఉన్నందున అప్పారావు ప్రాథమిక విద్య అక్కడే సాగింది. అనంతరం ఉన్నత విద్యకై విజయనగరం చేరారు.

విజయనగరం నాడు సంగీత, సాహిత్య, నాట్య కళలకు నిలయం. సంస్థానం నడిపే మహారాజా కళాశాల ఉత్తరాంధ్రలో ఆంగ్ల విద్యకు ప్రధాన కేంద్రం. ఆ కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి విద్యార్థి అప్పారావులోని ప్రతిభను గుర్తించి, తమ ఇంట ఆశ్రయమిచ్చి, భోజన వసతి కల్పించి చదివించారు. తరువాతి కాలంలో వ్యావహారిక భాషోద్యమానికి నాయకత్వం వహించిన గిడుగు రామమూర్తితో ఆయన స్నేహం విజయనగరంలోని విద్యార్థి దశలోనే మొదలైంది. అప్పారావు 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఎ., 1886లో తత్వశాస్త్రం ప్రధానాంశంగా బి.ఎ. పూర్తి చేశారు.

ఆయన తొలి రచనలు ఆంగ్లంలోనే వెలువడ్డాయి. సారంగధర కథను ఆంగ్ల కావ్యంగా రచించగా 1883లో ఇండియన్ లీజర్ అవర్ పత్రిక ప్రచురించింది. కలకత్తా నుంచి వెలువడే రీస్ అండ్ రయ్యత్ పత్రిక సంపాదకులు శంభుచంద్ర ముఖర్జీ ఆ కావ్యాన్ని చూసి మెచ్చుకుని తమ పత్రికలో పునర్ముద్రించారు. అయితే పరభాషలో ఎంత చక్కగా రాసినా శాశ్వత కీర్తి, ప్రయోజనం మాతృభాషలో రాసినప్పుడే సిద్ధిస్తాయని ఆయన హితవు చెప్పారు. పత్రికా సంపాదకుడొకరు యువ రచయితకు చేసిన ఈ సూచన తెలుగు సాహిత్య చరిత్రను మలుపు తిప్పింది.

ఉపాధ్యాయుడు, గుమాస్తా, శాసన పరిశోధకుడు

అప్పారావు జీవితమంతా ఉద్యోగిగానే గడిచింది. 1884లో నెలకు 25 రూపాయల వేతనంపై విజయనగరం మహారాజా ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయునిగా చేరారు. 1885లో అప్పల నరసమ్మను వివాహమాడారు. 1886లో కొంతకాలం డిప్యూటీ కలెక్టర్ కార్యాలయంలో హెడ్ క్లర్కుగా పనిచేశారు. 1887లో 100 రూపాయల వేతనంపై మహారాజా కళాశాలలో అధ్యాపకులయ్యారు. ఆంగ్ల వ్యాకరణం, సంస్కృత సాహిత్యం, అనువాదం, గ్రీకు, రోమను చరిత్రలు బోధించారు. తదుపరి సంస్థాన శాసన పరిశోధకునిగా నియమితులై కళింగ దేశ చరిత్రకు సంబంధించిన ఆధారాలను సేకరించారు.

ఈ ఉద్యోగాలు ఆయన రచనకు పునాది అయ్యాయి. డిప్యూటీ కలెక్టర్ కచేరీలో అర్జీలు, వ్యాజ్యాలు, వాటి వెంట తిరిగే పార్టీలు, ప్లీడర్ల గుమాస్తాలు ఆయనకు పరిచితులయ్యారు. తరగతి గదిలో గ్రంథాల భాషకూ విద్యార్థి మాట్లాడే భాషకూ గల అంతరం కళ్ళకు కట్టింది. శాసన పరిశోధన ఆధారం లేనిదే మాట చెప్పరాదనే క్రమశిక్షణను నేర్పింది. కన్యాశుల్కం నాటకంలో కోర్టు వ్యవహారాలు, దొంగ దస్తావేజులు, అగ్రహారాల దాయాది తగాదాలు అంత సహజంగా కనిపించడానికి ఈ అనుభవమే మూలం.

ఆనంద గజపతి సాహిత్యాభిమాని, సంస్కరణాభిలాషి. అప్పారావు ఆయన ఆంతరంగికులలో ఒకరై, సంస్థానం చేపట్టిన సాంఘిక, సాహిత్య కార్యక్రమాలలో పాలుపంచుకున్నారు. మహారాజు పేరిట నడిచిన చర్చావేదికకు 1889లో ఉపాధ్యక్షులుగా ఎన్నికయ్యారు.

ఒక దురాచారం, ఒక జాబితా

కన్యాశుల్కమంటే వరుని పక్షం వారు వధువు తండ్రికి సొమ్ము చెల్లించి పిల్లను తెచ్చుకోవడం. ఆ సొమ్ము చెల్లించే స్తోమత యువకులకు తక్కువ. ఆస్తి కూడబెట్టుకున్న వృద్ధులకు, భార్య గతించిన వారికి ఎక్కువ. కనుక అభం శుభం తెలియని బాలికలు తాతల వయసు వారికి భార్యలయ్యేవారు. కొన్నేళ్ళకే భర్త మరణించగా ఆ బాలిక జీవితాంతం వితంతువుగా మిగిలేది. వితంతు వివాహాన్ని 1856 నాటి చట్టం అనుమతించినా సంఘం అంగీకరించలేదు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదుర్కొన్న బహిష్కారాలు ఇందుకు నిదర్శనం. అంటే కన్యాశుల్కం, బాల్య వివాహం, బాల వైధవ్యం అనేవి మూడు వేర్వేరు సమస్యలు కావు. ఒకదానికొకటి ముడిపడిన ఒకే గొలుసు.

ఈ దురాచారాన్ని చట్టం ద్వారా అరికట్టాలని ఆనంద గజపతి సంకల్పించారు. మద్రాసు శాసనసభలో సభ్యత్వం కలిగిన ఆయన అందుకు అవసరమైన సమాచారాన్ని ముందుగా సేకరింపజేశారు. అలా తయారైనదే మొదట పేర్కొన్న జాబితా. అది సమగ్రం కాదని కూడా అప్పారావు స్పష్టం చేశారు. సొమ్ము పుచ్చుకున్నామని ఒప్పుకునేందుకు తల్లిదండ్రులు సహజంగానే వెనుకాడారు. కనుక వాస్తవ సంఖ్య అంతకంటే అధికమై ఉంటుంది. అయినా ఉన్నంతలో అది విలువైన పత్రమని ఆయన భావించారు. లెక్కల లోపాన్ని దాచకుండా చెబుతూనే, ఆ లెక్కల విలువను తగ్గించకుండా నిలబెట్టిన ఈ తీరు నేటి గణాంక నివేదికలకు సైతం ఆదర్శప్రాయం.

శాసన యత్నం చట్టరూపం దాల్చలేదు. సంప్రదాయ వర్గాల వ్యతిరేకత ప్రబలంగా ఉండెను. మత విషయాలలో ప్రభుత్వ జోక్యం తగదనే వాదం నాటి చర్చలన్నిటిలో వినిపించేది. అంకెలు సిద్ధంగా ఉన్నాయి, వాటిని ఆధారం చేసుకున్న ప్రతిపాదన సిద్ధంగా ఉంది, కానీ దానిని కోరే ప్రజాభిప్రాయం సిద్ధంగా లేదు. ఆ లోటును పూరించే బాధ్యతను అప్పారావు తమ కలానికి అప్పగించారు.

రంగస్థలానికి చేరిన సమస్య

కన్యాశుల్కం నాటకాన్ని 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ తొలిసారి ప్రదర్శించింది. సంఘ సంస్కరణకు తోడ్పడటం, తెలుగు భాష రంగస్థలానికి పనికిరాదనే అపోహను తొలగించడం అనేవి ఈ రచనకు ఆయన పెట్టుకున్న రెండు లక్ష్యాలు. నాటక ప్రక్రియనే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు కూడా ఆయన వద్ద స్పష్టమైన సమాధానం ఉంది. ప్రజలలో పుస్తక పఠనం అలవడే వరకు వారిపై మేలైన ప్రభావాన్ని చూపగలిగేది రంగస్థలమేనని ఆయన విశ్వసించారు. అక్షరాస్యత అతి స్వల్పంగా ఉన్న కాలంలో ఇది ప్రజాసమాచార నిపుణుని ఆలోచన. సందేశం ఏమిటన్నది ఎంత ముఖ్యమో, అది ఏ మార్గాన ఎవరికి చేరుతుందన్నదీ అంతే ముఖ్యమని ఆయన గ్రహించారు.

నాటక కథ జాబితాలోని ఒక పంక్తికి విస్తరణ వంటిది. కృష్ణరాయపురం అగ్రహారీకుడు అగ్నిహోత్రావధానులు వ్యాజ్యాల పిచ్చి గలవాడు. పెద్ద కుమార్తె బుచ్చమ్మ అప్పటికే బాలవితంతువు. ఆ అనుభవం నుంచి ఏమీ నేర్వని ఆ తండ్రి చిన్న కుమార్తె సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలోని పిసినారి వృద్ధుడు లుబ్ధావధానులకు కట్టబెట్టడానికి బేరం కుదుర్చుకుంటాడు. తల్లి వెంకమ్మ కన్నీరు ఫలించదు. మేనమామ కరటక శాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి అదే వృద్ధునికి తక్కువ వెలకు పెళ్ళికుమార్తెగా అంటగట్టి సుబ్బిని కాపాడతాడు. ఆంగ్ల విద్య, సంస్కరణ వాక్కులు నోటినిండా నింపుకుని స్వలాభం తప్ప మరేదీ ఎరుగని గిరీశం బుచ్చమ్మను లేవదీసుకుపోతాడు. చివరకు ఈ చిక్కుముడులను విప్పేది నాటి మర్యాదస్తుల సమాజం వెలివేసిన కళావంతురాలు మధురవాణి. బుచ్చమ్మను పుణేలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు జరుగుతుంది.

ప్రచారం కోసం రాసిన రచనలలో సాధారణంగా మంచివారు ఒక పక్క, చెడ్డవారు మరొక పక్క బారులు తీరి నిలుస్తారు. కన్యాశుల్కం అలా సాగదు. దురాచారాన్ని పాటించేవారే కాక దానిని ఖండించే ఉపన్యాసకులు కూడా ఇందులో విమర్శకు గురవుతారు. సంస్కరణను బతుకుతెరువుగా మార్చుకున్న గిరీశాన్ని ఆయన దాచలేదు. సంస్కర్త అయిన న్యాయవాది సౌజన్యరావు పంతులు ఉత్తముడే అయినా మధురవాణి వంటి స్త్రీల పట్ల ఆయనకు గల ఏవగింపు కూడా నాటకంలో ప్రశ్నకు నిలుస్తుంది. తాను సమర్థించే ఉద్యమంలోని లోపాలను సైతం చూపగలిగినందువల్లనే ప్రేక్షకులు ఆ రచయితను నమ్మారు. ఒక పక్షం తరఫున వాదించేవారికి ఈ నిజాయితీ నష్టం కలిగించదనీ, పైగా బలాన్ని చేకూరుస్తుందనీ ఈ నాటకం రుజువు చేసింది.

హాస్యం ఈ నాటకానికి ప్రాణం. పసిపిల్లల అమ్మకమనే దారుణాన్ని శోకరసంతో నింపితే ప్రేక్షకుడు జాలిపడి ఇంటికి వెళ్ళిపోవచ్చు. నవ్వు అలా విడిచిపెట్టదు. తన ఊరిలోని అవధానులను, తన వీధిలోని పంతులను, కొన్నిసార్లు తననే వేదిక మీద చూసుకుని ప్రేక్షకుడు నవ్వుతాడు. నవ్విన వాడు ఆ పనిని మరునాడు సమర్థించుకోవడం కష్టం. భాష విషయంలోనూ ఇదే సూత్రం. అగ్రహారాల భాష, కచేరీల భాష, ఆంగ్లం కలిసిన విద్యావంతుల భాష, సేవకుల భాష దేనికది విడివిడిగా వినిపిస్తాయి. ఉత్తరాంధ్ర పలుకుబడి అడుగడుగునా జాలువారుతుంది.

రెండు రకాల శ్రోతలు, రెండు భాషలు

నాటకం తొలి ముద్రణ 1897లో వెలువడింది. అప్పారావు దానిని ఆనంద గజపతికి అంకితమిచ్చారు. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటుంది. నాటకం ప్రజల నోటి తెలుగులో ఉంది. దాని పీఠిక మాత్రం ఆంగ్లంలో ఉంది. 1,034 వివాహాల జాబితా, బాలికల వయసులు, వారికి పలికిన వెలలు ఆ పీఠికలోనే చోటు చేసుకున్నాయి. ఇటువంటి దుస్థితిని బయటపెట్టడం కంటే ఉన్నతమైన కర్తవ్యం సాహిత్యానికి లేదని ఆయన అందులో అభిప్రాయపడ్డారు.

ప్రేక్షకునికి కథ, పాలకునికీ విద్యావంతునికీ గణాంకాలు. ఒకే పుస్తకంలో రెండు వర్గాలనూ వారి వారి భాషలలో ఆయన పలకరించారు. కళ ఉన్నందున వాస్తవాలు అక్కర లేదని ఆయన తలచలేదు. వాస్తవాలు ఉన్నందున కళ అక్కర లేదనీ భావించలేదు. కథ కల్పితమని తోసిపుచ్చేవారికి జాబితా సమాధానం. జాబితా చదివి చలించని వారికి కథ సమాధానం.

ఆనంద గజపతి 1897లోనే పరమపదించారు. ఆ తరువాత అప్పారావు మహారాజు సోదరి, రీవా మహారాణి అప్పల కొండయాంబకు ఆంతరంగిక కార్యదర్శిగా వ్యవహరించారు. సంస్థాన వారసత్వంపై తలెత్తిన వ్యాజ్యానికి సంబంధించిన పత్రాలు, ఉత్తర ప్రత్యుత్తరాలు, న్యాయవాదులతో సంప్రదింపులు ఆయన కాలాన్ని ఎక్కువగా హరించాయి. ఆరోగ్యం దెబ్బతిన్నది. అయినా కన్యాశుల్కాన్ని ఆమూలాగ్రం తిరగరాసి 1909లో ఏడు అంకాలతో రెండవ ముద్రణ వెలువరించారు. మధురవాణి పాత్ర విస్తృతి పొంది నాటకానికి కేంద్రమైనది ఈ కూర్పులోనే. నేడు తెలుగు ప్రజలు చదువుతున్నది, ప్రదర్శిస్తున్నది ఈ రెండవ కూర్పునే.

పాట, కథ, గేయం

ఆయన కళ నాటకంతో ఆగలేదు. మూడు, నాలుగు మాత్రల నడకతో సామాన్యుని నాలుకపై సులువుగా నడిచే ముత్యాల సరం అనే ఛందస్సును 1910లో రూపొందించారు. పుత్తడిబొమ్మ పూర్ణమ్మ గేయం కన్యాశుల్క బాధితురాలి కథే. ధనాశతో తండ్రి ముసలివానికి ఇచ్చి పెళ్ళి చేయగా, పూజారి ఇంటి బాలిక పూర్ణమ్మ చెరువులో ప్రాణాలు విడుస్తుంది. నాటకంలో సుబ్బి బయటపడింది. గేయంలో పూర్ణమ్మను ఎవరూ కాపాడలేదు. ఒకే సమస్యను ఒకచోట నవ్విస్తూ, మరొకచోట కంటతడి పెట్టిస్తూ చెప్పిన నేర్పు ఇది. కన్యక గేయంలో అధికార దౌర్జన్యాన్ని, లవణరాజు కలలో అస్పృశ్యతను ఆయన ప్రశ్నించారు.

1910లో ఆంధ్రభారతి పత్రికలో వెలువడిన దిద్దుబాటు కథ తెలుగు కథానిక చరిత్రలో మైలురాయిగా నిలిచింది. దానిని తొలి ఆధునిక కథానికగా పరిగణించడం చిరకాలంగా ఉన్న సంప్రదాయం కాగా, అంతకుముందే కథలు రచించిన భండారు అచ్చమాంబకు ఆ గౌరవం దక్కాలని పరిశోధకులు తరువాతి కాలంలో ప్రతిపాదించారు. ఏది ఏమైనా, భర్తను తిట్టకుండా, కొట్టకుండా, ఒక చిన్న ఉపాయంతో దారిలో పెట్టిన కమలిని పాత్ర స్త్రీ విద్య ఆవశ్యకతను ఏ ఉపన్యాసమూ చెప్పలేనంత చక్కగా చెప్పింది. దేశభక్తి గేయం 1913లో కృష్ణాపత్రికలో అచ్చయింది. దేశమనే మాటకు ప్రజలే అర్థమని చాటిన ఆ గేయం పాఠశాలల నుంచి బహిరంగ సభల వరకు తెలుగునాట మారుమోగింది. ఈ రచనలు మొదట పత్రికల ద్వారానే పాఠకులకు చేరడం పాత్రికేయ లోకం గర్వించదగిన విషయం.

అసమ్మతి పత్రం

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దంలో భాషా వివాదం తలెత్తింది. పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గిడుగు రామమూర్తి, అప్పారావు ఒక పక్షాన నిలిచి, విద్యార్థులకు జీవద్భాషలో బోధన, రచన ఉండాలని కోరారు. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు గ్రాంథిక భాషను సమర్థించారు. ఇది కేవలం పండితుల వాదం కాదు. ఏ భాషలో రాసినది ప్రజలకు అర్థమవుతుంది, చదువు ఎవరికి అందుతుంది అనే ప్రశ్నలు అందులో ఇమిడి ఉన్నాయి.

1911లో అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయ పాఠ్య నిర్ణాయక మండలిలో సభ్యులయ్యారు. తెలుగు వ్యాసరచనపై నియమించిన ఉపసంఘం గ్రాంథిక భాషకే మొగ్గు చూపగా, ఆయన దానితో విభేదించి 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. అసమ్మతి పత్రమంటే సాధారణంగా ఒకటి రెండు పేరాలతో ముగిసే లాంఛనం. ఆయన దానిని ఒక గ్రంథంగా తీర్చిదిద్దారు. భాషా చరిత్ర, వ్యాకరణ చర్చ, విద్యార్థుల కష్టాలు అన్నిటినీ ఆధారాలతో సమీకరించారు. నాటకంలో పాత్రల చేత మాట్లాడించిన భాషకు ఇక్కడ శాస్త్రీయ సమర్థన సమకూర్చారు. కార్యాలయ పత్రం కూడా చదివించే గుణం, వాదనా పటిమ కలిగి ఉండవచ్చునని ఇది నిరూపించింది.

ఆ వాదం ఆయన జీవితకాలంలో నెగ్గలేదు. 1913లో ఉద్యోగ విరమణ చేసిన అప్పారావు 1915 నవంబరు 30న విజయనగరంలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 సంవత్సరాలు. కొండుభట్టీయం, బిల్హణీయం నాటకాలు అసంపూర్తిగా మిగిలిపోయాయి.

ఆలస్యంగా అందిన ఫలితం

ఉద్యమాన్ని గిడుగు రామమూర్తి కొనసాగించారు. 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. క్రమక్రమంగా పత్రికలు, పాఠ్యపుస్తకాలు, ఆకాశవాణి, ప్రభుత్వ ప్రకటనలు వ్యావహారికాన్ని స్వీకరించాయి. బాలికల వివాహాల విషయంలో బాల్య వివాహ నిరోధక చట్టం 1929లో ఆమోదం పొంది 1930లో అమలులోకి వచ్చింది. అంటే కన్యాశుల్కం తొలి ప్రదర్శనకూ ఆ చట్టానికీ మధ్య 37 సంవత్సరాల అంతరం ఉంది. మరింత కఠినమైన బాల్య వివాహ నిషేధ చట్టం 2006లో వచ్చింది.

ఈ చట్టాలు ఒక్క నాటకం వల్ల వచ్చాయని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. దేశమంతటా అనేకులు చేసిన కృషి వాటి వెనుక ఉంది. నాటకం చేసిన పని వేరు. అంతవరకు ఆచారమనే గౌరవంతో చలామణీ అయిన వ్యవహారాన్ని అది బేరంగా చూపింది. పిల్లను అమ్ముకునే తండ్రికి సంఘంలో ఒక పేరు పెట్టింది. తెలుగునాట కన్యాశుల్కం ఆచారంగా దాదాపు కనుమరుగైన తరువాత కూడా నాటకం నిలిచి ఉండటం, 1955లో చలనచిత్రంగా వచ్చి ఆదరణ పొందడం, గిరీశం పేరు వాడుక మాటగా మారడం ఆ ప్రభావానికి తార్కాణాలు. విజయనగరంలో ఆయన నివసించిన గృహం స్మారకంగా నిలిచింది. 2022లో విజయనగరంలోని సాంకేతిక విశ్వవిద్యాలయానికి ఆయన పేరు జత అయింది.

నేటి సమాచార రంగానికి సందేశం

ప్రభుత్వ పథకమైనా, ప్రజారోగ్య హెచ్చరిక అయినా, బాల్య వివాహాల నిరోధమైనా నేడు సమాచార సాధనాలకు కొదవ లేదు. కళాజాతాలు, బుర్రకథలు, వీధి నాటకాలు, లఘుచిత్రాలు విరివిగా వాడుకలో ఉన్నాయి. అయితే నినాదాలకు వేషం తొడిగితే కళ కాదు. ప్రకటనకు తాళం జోడిస్తే పాట కాదు. అప్పారావు ముందుగా సమస్యను లోతుగా ఎరిగారు. లెక్కలు చూశారు, లెక్కలలోని లోపాన్నీ చెప్పారు. చేరవలసిన ప్రజలెవరో నిర్ణయించుకున్నారు, వారి భాషను, వారికి అందుబాటులో ఉన్న వేదికను ఎంచుకున్నారు. పాత్రలను మనుషులుగా చూశారు. ఒకసారి రాసినదానితో తృప్తి పడక పన్నెండేళ్ళ తరువాత మళ్ళీ తిరగరాశారు. ఫలితం తన కంటబడకపోయినా ప్రయత్నం విరమించలేదు.

గణాంకాలు సేకరించే అధికారి, వాటిని ప్రజలకు వివరించే పాత్రికేయుడు, ప్రదర్శించే కళాకారుడు వేర్వేరు వ్యక్తులుగా ఉన్న నేటి కాలంలో ఈ ముగ్గురి మధ్య సమన్వయం ఎంతో అవసరం. గురజాడ జీవితంలో ఆ ముగ్గురూ ఒక్కరే. కన్యాశుల్కం పీఠికలోని జాబితాలో ఆ ఏడాది పసికందుల పేర్లు లేవు, వయసు, వెల మాత్రమే ఉన్నాయి. పీఠిక తరువాత మొదలయ్యే నాటకంలో సుబ్బికి పేరుంది, కన్నీరు పెట్టే తల్లి ఉంది, అడ్డుపడే మేనమామ ఉన్నాడు. అంకెల వెనుక ఉన్న ప్రతి పేరునూ అలా వెలికి తీసి ప్రజల ముందుంచడమే ఆ మహాకవికి సమాచార రంగం అర్పించగల సార్థక నివాళి.